కార్డింగ్ షెడ్డులో భోజనం

నూలుమిల్లులో అందరూ ఫణీంద్రను మెచ్చుకున్నారు, ఒక్క గురువు తప్ప. అదే అతనికి మింగుడుపడలేదు.

గురువంటే ఆ మిల్లు కరెంటు మేస్త్రి దస్తగిరి. ఏ మోటారు ఎంత బరువు మోస్తోందో చప్పుడు విని చెప్పే మనిషి. ఇంజనీరింగు చదివి వచ్చినా ఫణీంద్ర పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా కరెంటు రేటు ఎక్కువ. ఆ వేళ వాడకం తగ్గించమని మేనేజరు ఏడాదిగా పోరుపెడుతున్నాడు. మూడు వారాల కిందట ఫణీంద్ర దారి కనిపెట్టాడు. దూదిని దువ్వే కార్డింగ్ షెడ్డులో దుమ్ము లాగే పెద్ద ఫ్యాన్లు ఆ నాలుగు గంటలూ ఆపించాడు. ఫ్యాన్లు నూలు వడకవు కదా అన్నాడు. ఆ మాట మేనేజరుకు తెగ నచ్చింది. అప్పట్నుంచీ మన కుర్రాడి కాళ్ళు నేలమీద ఆనడంలేదు.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు. "గురువుగారూ, నేను చేసిందాంట్లో తప్పేమైనా ఉందా?"

దస్తగిరి టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రం క్యారేజీ తెచ్చుకో. కలిసి తిందాం."

ఏడింటికి ఆయన తీసుకెళ్ళింది క్యాంటీనుకు కాదు, కార్డింగ్ షెడ్డుకు. మిషన్లు వదిలిపోకూడదు గనక అక్కడి ఆడవాళ్ళు భోజనం వేళ గోడవారనే కూచుంటారు. వాళ్ళ వరసలోనే గోనెసంచి పరుచుకుని ఇద్దరూ కూచున్నారు. ఫణీంద్ర పప్పు కలుపుకునేలోగా అన్నం మీద సన్నటి దూది నూగు పరుచుకుంది. తీసి పారేశాడు. మళ్ళీ పడింది. ఊపిరి పీలిస్తే గొంతులో గరగర.

దస్తగిరి నూగుతోపాటే ముద్ద చేసుకుని తింటున్నాడు.

పక్కన సువార్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూచుంది. ఆమె ముందు గిన్నె లేదు.

"నువ్వు తినవా అమ్మా?" అన్నాడు ఫణీంద్ర.

"ఇదివరకు ఇక్కడే తినేవాళ్ళం బాబూ. ఇప్పుడు ఇంటికెళ్ళాకే." మాట పూర్తికాకుండానే దగ్గు తెర కమ్ముకొచ్చింది.

ఫణీంద్ర సిగ్గుతో చచ్చిపోయాడు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తి ఫ్యాన్లు వేశాడు. తిరిగొచ్చేసరికి గాలి కాస్త తేటపడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు దించుతున్నారు. అతనికి ప్రాణం తేలికపడింది.

"ఇక ఆపను గురువుగారూ. మేనేజరుతో నేనే చెబుతాను."

దస్తగిరి తల ఊపాడు. మూలనున్న మిషను దగ్గర కొత్తావిడ తడబడుతూ పని నేర్చుకుంటోంది. ఆయన అటే చూస్తున్నాడు.

"ఆ మిషను మరియమ్మదిరా. పద్దెనిమిదేళ్ళు చేసింది. ముందునించీ ఆయాసం మనిషి. నిన్న పొద్దున్నే మట్టి చేసి వచ్చాం."

ఫణీంద్ర ఆ మిషను వైపు తిరిగాడు.

"నువ్వు ఆపావు. మేనేజరు మాట కదా అని నేను చూస్తూ ఊరుకున్నాను." ముసలాయన క్యారేజీ మూత పెట్టేశాడు. "ఆవిడకి ఎప్పుడు వేద్దాంరా ఫ్యాను?"