వాచీ ఎవరి చేతికివ్వాలి?

ఓబులేసు వాచీ ఆగిపోయింది. అతను ప్రొద్దుటూరులో ఒక బట్టలంగట్లో గుమస్తా. టైము చూసుకోవడానికి అంగడి గోడకు పెద్ద గడియారమే ఉంది, బాధ దాని గురించి కాదు. అమ్మానాన్నలు పోయాక తనను పెంచి పెద్దచేసిన అన్న, కువైట్ నుంచి తెచ్చి చేతికి కట్టిన వాచీ అది. అన్న ఇప్పుడు లేడు. బ్యాటరీ అక్కర్లేకుండా చెయ్యి కదిలితేనే నడిచే రకం. వెనక మూతకు గాజు ఉంటుంది, అందులోంచి చక్రాలు తిరగడం కనిపిస్తుంది. అవి ఆగిన రోజు ఓబులేసుకు అన్నం సయించలేదు.

ఊళ్లో రిపేరు అంగళ్లకు కొదవ లేదు. ఒకాయన మూతైనా తెరవకుండానే మిషన్ మార్చేద్దామన్నాడు. ఇంకొకాయన వాచీని లోపలి గదిలోకి తీసుకుపోబోతే ఓబులేసు లాక్కున్నంత పని చేశాడు. మంచి చక్రాలు తీసేసి పాతవి పెడితే తనకేం తెలుస్తుంది? నోరు ఒక్కసారైనా కాలకుండానే మజ్జిగను ఊదుకుని తాగే మనిషి మరి.

చివరికి దస్తగిరి అనే పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. పనిమంతుడని బజారంతా చెప్పుకునే మనిషి. వాచీ వదిలిపెట్టి వచ్చే వారం రమ్మన్నాడాయన. ఓబులేసు ఒప్పుకోలేదు. తన కళ్లెదుటే విప్పాలన్నాడు. సరేనని దస్తగిరి మూత తీశాడు. ఓబులేసు స్టూలు దగ్గరికి జరుపుకుని, ఫోన్లో వీడియో తీస్తూ, ఆ స్క్రూ ఎక్కడ పెట్టావు, ఈ చక్రం మాదేనా అని అడుగుతూనే ఉన్నాడు. కాసేపటికి దస్తగిరి ఉన్నదున్నట్టు మూత బిగించేసి, వాచీ అతని చేతిలో పెట్టాడు.

"నాతో కాదులే నాయనా."

చేతనైనవాడు ఎందుకు కాదన్నాడు? ఆయన మనసులో ఏదో మోసముంటుందని ఒకసారి అనిపించింది. మోసమే ఉంటే తన కళ్లెదుట విప్పి అంతసేపు ఎందుకు కూర్చుంటాడని ఇంకోసారి అనిపించింది. ఈ తిరకాసు తేలక, మరునాడు అంగడికి సెలవు పెట్టి, పెన్న ఒడ్డున కొట్టంలో ఉండే తన గురువు గురప్ప స్వామి దగ్గరికి పోయాడు.

స్వామి ఎండలో బండ మీద కూర్చుని గడ్డం గీసుకోబోతున్నాడు. ఓబులేసు జరిగిందంతా చెప్పాడు.

"సామీ, నమ్మదగినోడని ముందే ఎట్ల కనుక్కోవాల?"

స్వామి మంగలికత్తి అతని చేతికిచ్చాడు. "గడ్డం గీకు."

ఓబులేసు జన్మలో అట్లాంటి కత్తి పట్టినవాడు కాదు. గురువు మాట కాదనలేక మొదలుపెట్టాడు. స్వామి అద్దం ఎత్తిపట్టుకుని ప్రతి గీతా చూడసాగాడు. ఆడ కాదన్నాడు. మెల్లగా అన్నాడు. కత్తి ఎట్ల పట్టుకున్నావో చూసుకోమన్నాడు. ఆయన అనే కొద్దీ ఓబులేసు చెయ్యి వణికింది. చెవి కింద తెగి రక్తం వచ్చింది.

"నాతో కాదు సామీ," అన్నాడు ఓబులేసు, ఏడుపు గొంతుతో.

స్వామి తువ్వాలు కొసతో రక్తం తుడుచుకున్నాడు. అద్దాన్ని బండ మీద బోర్లించాడు. వెనకున్న కొట్టం గోడకు తల ఆనించి, గొంతు ముందుకు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ఊపిరి నెమ్మదించింది. నిజంగా నిద్రపోయాడో లేదో తెలియదు.

ఓబులేసు కత్తి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చుట్టూ ఎవరూ లేరు. ఎదురుగా గురువు గొంతు. అందాకా తనను ఏమంటారోనని భయపడ్డాడు, ఇప్పుడు ఆయనకేమవుతుందోనని భయం వేసింది. కత్తి కడిగాడు. గడ్డాన్ని మళ్లీ నీళ్లతో తడిపి నానబెట్టాడు. రెండు వేళ్లతో చర్మం సాగదీసి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా గీశాడు. వణుకు ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు.

పని అయ్యాక స్వామి కళ్లు తెరిచి గొంతు మీద చెయ్యి తిప్పుకున్నాడు. అద్దం జోలికి పోలేదు.

"ఈసారి నీ చెయ్యి ఎందుకు వణకలేదు?"

ఓబులేసు బోర్లించిన అద్దం వైపు చూశాడు.

"మీరు కండ్లు మూసుకున్నారు సామీ."

అనేసి, తను అన్న మాట తనే విన్నవాడిలా నిలబడిపోయాడు.  స్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పో నాయనా. దస్తగిరి అంగడి మూసేలోపల పో."