యంత్రానికి సన్మానం

"యంత్రం చేసిన అన్యాయానికి ఎవరిని బోనెక్కించాలి మాస్టారూ?"

లా చదువుతున్న ప్రభంజన్ ఇది పరీక్ష కోసం అడగలేదు. అతని అక్క సుగుణ డయాలసిస్ మీద బతుకుతోంది. ఆస్పత్రిలో కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ ఆమెను ఉచిత చికిత్సకు అనర్హురాలని తేల్చి, మర్నాటి వంతు రద్దు చేసింది. డాక్టరమ్మను అడిగితే ఆ యంత్రాన్ని అమ్మిన కంపెనీని చూపించింది. కంపెనీ ప్రతినిధి సూపరింటెండెంటును చూపించాడు. ఆయన యంత్రాన్ని చూపించాడు.

"లాభానికి మనుషులున్నారు, నేరానికి మాత్రం మనిషి లేడు! యంత్రం చాటున దాక్కోవడమే ఈ కాలపు నిరంకుశత్వం!" అని ప్రభంజన్ బల్ల గుద్దాడు.

న్యాయశాస్త్రం బోధించే కోదండపాణి మాస్టారు వాదనకు వాదన చెప్పే మనిషి కాదు. "చెప్పులేసుకో" అన్నారు. దారిలో ఒక శాలువా, ఒక పూలదండ కొన్నారు.

ఆస్పత్రి వరండాలో నిలబడి అందరికీ వినబడేలా అన్నారు: "మీ యంత్రం గొప్పగా పనిచేస్తోందట. ఆ ఘనత ఎవరిదో చెబితే చిన్న సన్మానం చేసుకుంటాం."

సూపరింటెండెంటు చొక్కా సర్దుకుంటూ వచ్చాడు. "నాదేనండీ. నేను ఒప్పుకోనిదే అది ఇక్కడ అడుగు పెట్టేదా?"

"ఎవరు అర్హులో దానికి దగ్గరుండి నేర్పించింది నేను సార్" అన్నాడు కంపెనీ ప్రతినిధి, మెడ ముందుకు చాపి.

డాక్టరమ్మ నవ్వింది. "బాగుందండీ! రోజూ అది చెప్పింది చూసి ఓకే కొట్టేది నేను కాదూ? నాకు దండ లేదా?"

మాస్టారు ఒకరికి శాలువా కప్పారు, ఒకరికి దండ వేశారు. డాక్టరమ్మ చేతిలో సుగుణ వంతు రద్దు చేసిన కాగితం పెట్టారు. "అయితే ఈ అమ్మాయి పేరు తీసేసింది మీ ముగ్గురేనన్నమాట."

శాలువా తీసెయ్యాలో ఉంచుకోవాలో సూపరింటెండెంటుకు తెలియలేదు.

"అది సిస్టం..." అని ప్రతినిధి నసిగాడు.

కాగితం చదువుతున్న డాక్టరమ్మ తలెత్తలేదు. "సిస్టం కాదు. నేను చూడకుండా నొక్కాను."

అక్కడికక్కడే సూపరింటెండెంటు సంతకం చేశాడు. సుగుణ వంతు మళ్ళీ మర్నాడు పొద్దుటికే ఖాయమైంది.

టీకొట్టు దగ్గర ప్రభంజన్ గుండెల నిండా గాలి పీల్చుకుని, చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు. "మీ శాలువా ఉండగా ఇంక చట్టమెందుకు మాస్టారూ!"

మాస్టారు టీ ఊదుకుంటూ అన్నారు: "రేపు ఆ యంత్రం ఇంకొకరి పేరు తీసేస్తుంది. ఈసారి శాలువాకి ఎవరూ బయటికి రారు నాయనా. ఏ చట్టానికైతే వస్తారో, అది నువ్వు రాయి."