సగం మాట

"దమయంతీ! పాతమెట్ట బడి, దమయంతీ!"

వసతి బడి గుమ్మంలో నిలబడి ప్యూను కేకేశాడు. వరండాలో తల్లి పక్కన ఒదిగి కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. తల్లి తవిటమ్మ కూతురి జడకున్న ఎర్ర రిబ్బను సర్దింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ నల్లబడిన తన వేళ్ళు ఎవరైనా చూస్తారేమోనని వెంటనే చెయ్యి కొంగులో దాచుకుంది.

"లోపలికెల్లమ్మా, బయపడకు. మాస్టారు బాబు నీకు అన్నీ నేర్పేరు గదా!" అంది.

పక్కనే నిలబడ్డ మాస్టారు ధీమాగా నవ్వాడు.

ఆయన పేరు భుజంగరావు. ఉద్దానంలో జీడితోటల మధ్యనున్న పాతమెట్ట బడిలో ఐదో తరగతికి పాఠాలు చెప్పేవాడు, పిల్లలంతా ఒక్క గొంతుతో పలికే చప్పుడంటే చెవి కోసుకునేవాడు. ఆ చప్పుడు కోసం ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మాట సగం తను అనేవాడు. మిగతా సగం పిల్లలకు వదిలేవాడు.

"మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారు చేసుకుంటాయి? ఆకు...?" అనేవాడు.

"ల్లో!" అని అరిచేవారు ముప్పై రెండు మందీ.

"భూమి సూర్యుడి చుట్టూ తిరు...?"

"గుతుంది!"

"ఏడెనిమిదుల యాభై...?"

"ఆరు!"

గోడలు అదిరేవి. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చేది. భుజంగరావు కళ్ళు మూసుకుని వినేవాడు. అల వచ్చి ఒడ్డును కొట్టినట్టే ఉండేది ఆయనకు. ఇంత చదువు ఈ చిన్న బడిలో తనొక్కడి వల్లే పారుతోందని మురిసిపోయేవాడు.

పక్క గదిలో హెడ్మాస్టరమ్మ సుభద్రమ్మ గారి క్లాసులో అంత సందడి ఉండేది కాదు. ఆవిడ ఒక ప్రశ్న అడిగి ఊరుకునేది. పిల్లవాడు బుర్ర గోక్కునేవాడు, పైకి చూసేవాడు, తప్పు చెప్పేవాడు, మళ్ళీ మొదలెట్టేవాడు. ఆవిడ అలాగే చూస్తూ కూర్చునేది. నిన్నటి పాఠం ఇవాళ అడిగేది. పోయిన నెల పాఠం కూడా ఉన్నట్టుండి అడిగేది.

"మీ క్లాసు పక్కన కూర్చుంటే నాకు నిద్రొచ్చేస్తోంది మేడమ్ గారూ," అన్నాడు ఒకసారి భుజంగరావు. "ఒక్క జవాబుకి అంతసేపా? ఆ కాస్తా అందించేస్తే పోలేదా?"

"వెతుక్కోనివ్వండి బాబూ. మనం అందిస్తే మనతోనే పోతుంది," అంది ఆవిడ.

ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు పట్నంలోని వసతి బడిలో పాతమెట్ట బడి పంపిన పిల్లను ప్రశ్నలడిగి చూసి, నచ్చితే ఒకే ఒక్క సీటు ఇస్తామన్నారు. అక్కడ తిండీ బట్టా వాళ్ళదే, పదో తరగతి దాకా చదువు. కాకపోతే పదేళ్ళు దాటిన పిల్లల్ని చేర్చుకోరు. దమయంతికి ఆ మాఘమాసంలోనే పదేళ్ళు నిండుతాయి. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి.

"సీటొస్తే సదువు బాబూ, నేకపోతే నాతోపాటు జీడి షెడ్డుకే," అని ముందే చెప్పేసింది తవిటమ్మ. "తండ్రి నేని గుంట. ఇంటికాడ ఒక్కదాన్నీ ఒదిలి నాను పనికెల్లనేను గదా."

భుజంగరావు ఏమీ ఆలోచించకుండా దమయంతి పేరే రాశాడు. అందరికంటే ముందు అరిచేది ఆ పిల్లే, అందరికంటే గట్టిగా అరిచేదీ ఆ పిల్లే.

"ఆ పిల్లని విడిగా కూర్చోబెట్టి అడిగారా ఎప్పుడైనా?" అంది సుభద్రమ్మ గారు.

"విడిగా అడగడమెందుకు మేడమ్ గారూ! గోడ అవతలికి మీకు వినపడట్లేదా ఏం?"

ఇప్పుడు ఆ దమయంతే లోపలికి వెళ్ళింది. భుజంగరావు ఉండబట్టలేక వరండా కిటికీ దగ్గరకు చేరాడు. లోపల బల్ల వెనక వసతి బడి నడిపే పెద్దమ్మ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన ముఖం. పిల్లను దగ్గరకు రమ్మని, మంచినీళ్ళు ఇచ్చి, అప్పుడు అడిగింది.

"మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారు చేసుకుంటాయమ్మా?"

దమయంతి ఆవిడ నోటికేసి చూసింది. ఆవిడ అడగడం అయిపోయింది. అయినా పిల్ల అలాగే చూస్తోంది, ఆ పెదవులు ఇంకోసారి కదులుతాయని.

"తొందరేం లేదు తల్లీ, ఆలోచించుకుని చెప్పు."

పిల్ల ఆవిడ నోటికేసే చూస్తోంది.

"పోనీ ఇది చెప్పు. ఏడెనిమిదులు ఎంత?"

అదే చూపు. అన్నం పెడతారని ఆకు ముందు కూర్చుంటే వడ్డించేవాళ్ళు దాటి వెళ్ళిపోయినట్టుంది దాని ముఖం.

పెద్దమ్మ మళ్ళీ మొదటి ప్రశ్నే అడిగింది. కిటికీ దగ్గర భుజంగరావు నోరు తనకు తెలియకుండానే కదిలింది. "ఆకు..." అన్నాడు.

దమయంతి గిరుక్కున తిరిగి చూసింది. దాని ముఖం వెలిగింది.

"ల్లో!" అని గది మారుమోగేలా అరిచింది.

"ఏమిటమ్మా?" అంది పెద్దమ్మ.

"ల్లో!"

"దేంట్లో?"

పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. పెద్దమ్మ కూడా అటే చూసింది. భుజంగరావును కోప్పడలేదు. కాగితం మీద దమయంతి పేరు కొట్టేసి, పక్కన పెట్టేసింది. ఆయన తల దించుకున్నాడు. తన చెవుల్లో ఇన్నాళ్ళూ మోగిన చదువంతా ఏపాటిదో ఆయనకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

బయటకొచ్చిన కూతుర్ని తవిటమ్మ రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది.

"ఏటయిందే? సెప్పేవా?"

"ఆయమ్మ మొదలెట్టనేదమ్మా," అంది దమయంతి వెక్కుతూ. "మొదలెడితే సెప్పేదాన్ని."

"ఏటి మొదలెట్టడం? ఏటి మాస్టారు బాబూ, ఏటంతాది ఇది?"

అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. భుజంగరావు గొంతు దాకా వచ్చింది కూడా. కాని వరండా నిండా మనుషులున్నారు. పక్క ఊళ్ళ మాస్టార్లు చూస్తున్నారు.

"భయపడిపోయింది తవిటమ్మా," అన్నాడు. "నేర్పినవన్నీ మర్చిపోయింది."

తవిటమ్మ కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. "మొద్దు మొకమా! మాస్టారు బాబు నోరు పడిపోయేలా సెప్తే మర్సిపోయేవా?" అని, కొట్టిన చేతితోనే కళ్ళొత్తుకుంది. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ పిల్ల ఎర్ర రిబ్బను నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చుంది.

మర్నాడు భుజంగరావు క్లాసులోకి వెళ్ళి, "మొక్కలు ఆహారాన్ని ఎక్కడ తయారు చేసుకుంటాయి?" అని అడిగి నోరు మూసుకున్నాడు.

ముప్పై రెండు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్క దాంట్లోంచీ మాట రాలేదు. బయట జీడితోటల్లో గాలి వీస్తున్న చప్పుడు మొదటిసారి ఆ గదిలో వినపడింది.

ఆ రోజు నుంచి ఆయన పద్ధతి మార్చుకున్నాడు. అడిగి ఆగేవాడు. పుస్తకం మూయించి, నిన్న విన్నది సొంత మాటల్లో చెప్పమనేవాడు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పించేవాడు. పిల్లలు తడబడేవారు, ఏడ్చేవారు, మెల్లగా వారానికి ఒకటి రెండు మాటలు వాళ్ళవి అయ్యేవి. కాని అప్పటికి మాఘం దాటిపోయింది, దమయంతికి పదేళ్ళూ నిండిపోయాయి. వేసవి సెలవులు ఇచ్చేశారు. దమయంతి షెడ్డులో చేరింది.

భుజంగరావు ఆ షెడ్డు దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఎన్నోసార్లు చెప్పేయాలనుకున్నాడు. రేపు చూద్దాంలే అనుకునేవాడు. ఆ రేపు వచ్చేది కాదు.

బడులు తెరిచిన రోజున తవిటమ్మే వచ్చింది. గుడ్డలో మూటగట్టిన జీడిపప్పు ఆయన బల్ల మీద పెట్టింది. వెనకాల దమయంతి నిలబడి ఉంది. దాని వేళ్ళ కొసలు అప్పుడే నల్లబడ్డాయి. జీడి రసం తగిలి కాలినచోట పాత గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి.

"తీసుకోండి బాబూ," అంది తవిటమ్మ. "పనిలోకెల్లిన కాడినుండీ ఇద్దామనుకుంతన్నాను. మా కోసం మీరు పట్నం దాకా వొచ్చి తిరిగేరు. మా గుంటకే బుర్ర నేకపోతే మీరేటి సేత్తారు?"

ఆయన ఆ మూట ముట్టుకోలేదు.

దమయంతి తల ఎత్తకుండా అడిగింది. "మాస్టారూ, బుర్ర నేనోల్లకి సదువు మరింకెప్పుడూ రాదా?"

సుభద్రమ్మ గారు గుమ్మంలో ఆగింది. తరగతిలో పిల్లలంతా చూస్తున్నారు. భుజంగరావు లేచి వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి ఆయనకు అందించేవాళ్ళు ఎవరూ లేరు. అంతా తనే చెప్పాలి.

"నీకు బుర్ర లేకపోవడం కాదమ్మా," అన్నాడు అందరికీ వినపడేలా. "నేను నీకు నేర్పలేదు. సగం నేనే అనేసి, మాట తోక నీచేత అరిపించాను. నీకొచ్చో రాదో ఒక్కనాడూ చూడలేదు. ఆ కేక వినడానికి నాకు బాగుండేది, అంతే. ఆ వేళ వరండాలో నాకు అంతా తెలుసు. తెలిసీ, నువ్వు మర్చిపోయావని మీ అమ్మకు అబద్ధం చెప్పాను. మర్చిపోవడానికి నీ దగ్గర నేను ఉంచిందేముంది? తప్పు నాది తవిటమ్మా. దీని సీటు పోగొట్టింది నేనే."

జవాబు గురువు అందించేస్తే ఆ చదువు గురువు నోట్లోనే ఉండిపోతుంది, పిల్లలు తమంతట తాము వెతుక్కుని చెప్పిందే వాళ్ళకు గుర్తుంటుంది.