పైడమ్మ కొట్టిన ఊ

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో పైడమ్మ అనే గాజులావిడ ఉండేదట. ఊ కొడుతున్నావా బంగారూ? కొట్టు మరి.

పైడమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని కొండమీది పల్లెలకు వెళ్ళేది. అక్కడివాళ్ళ భాష వేరు. మొదట గాజుల రంగులు చెప్పడం నేర్చుకుంది. ఆ తర్వాత మంచినీళ్ళు అడగడం నేర్చుకుంది. ఆ తర్వాత వాళ్ళు ఏమన్నా సరే, తల ఊపి "ఊ" అనడం నేర్చుకుంది. ఇంకేముంది, "కొండ భాష నాకు కొట్టిన పిండి" అని సంతలో గొప్పలు పోయేది.

ఒకరోజు సుక్రి అనే పిల్ల వాళ్ళ అవ్వ, పైడమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. పైడమ్మకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మళ్ళీ చెప్పమంటే నామోషీ కదా! "ఊ" అంది. అవ్వ మళ్ళీ అడిగింది. "ఊ" అంది. అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంకోసారి అడిగింది. అప్పుడూ "ఊ" అనే అంది.

ఆ తర్వాత పౌర్ణమి వెళ్ళాక మళ్ళీ కొండెక్కింది. సుక్రి ఇంటిముందు పందిరి వాడిపోయి ఉంది. తెలుగు వచ్చిన పక్కింటావిడ ఎదురొచ్చింది.

"వస్తానని అవ్వకు మాటిచ్చి రాలేదేం పిన్నీ? పౌర్ణమినాడు సుక్రి పెళ్ళయిపోయింది. పెళ్ళికూతురికి గాజులు తొడుగుతానని ఒకరు ఒప్పుకుంటే, మేం ఇంకొకరిచేత తొడిగించం. పొద్దు వాలేదాకా నీకోసం చూసింది. ఆఖరికి బోసిచేతులతోనే పందిట్లోకి వెళ్ళింది."

పైడమ్మకు తల కొట్టేసినట్టయింది. అవ్వ కాళ్ళదగ్గర కూలబడి, "మీ భాష నాకు రాదవ్వా! వచ్చినట్టు బుకాయించాను" అని తెలుగులోనే ఏడ్చింది. పక్కింటావిడ ఆ మాట అవ్వకు చెప్పింది. అవ్వ మొహం తిప్పుకుంది.

అప్పుడు సుక్రి వచ్చి బోసిచెయ్యి చాపింది. పైడమ్మ గాజు ఎక్కిస్తుంటే మెల్లగా ఏదో అంది. అలవాటుకొద్దీ పైడమ్మ తల ఊపబోయింది. చప్పున ఆగి, "తెలియలేదు తల్లీ, మళ్ళీ చెప్పు" అని సైగ చేసింది. సుక్రి ఆ మాటే మళ్ళీ అని, ఎర్రగా కందిన చెయ్యి చూపించింది.

నొప్పిగా ఉందట!

పైడమ్మ గబుక్కున గాజు తీసేసింది. ఆ మాట తనకు కొత్తది కాదు. ఆ కొండమీద ఎన్ని ఇళ్ళల్లో, ఎంతమంది ఆడపిల్లల నోట విన్నదో! విన్నప్పుడల్లా "ఊ, ఊ" అంటూనే గాజులు ఎక్కించింది. ఇంక తలెత్తి సుక్రి మొహం చూడలేకపోయింది పాపం.

ఏమే, తెలిసే ఊ కొడుతున్నావా, నిద్దట్లో కొడుతున్నావా?

తెలిస్తేనే ఊ కొట్టు,
తెలియకుంటే నన్ను తట్టు.
కథ ఎక్కింది కంచి మెట్టు,
మనం చేరాం ఇంటి గట్టు!