పల్లకీ దించని వైద్యం

రోగి పల్లకీ దిగనిదే వైద్యుడు మందు ముట్టకూడదని వీరగిరి రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. అది ఊరికే రాలేదు.

రాజుగారి ఒళ్లు తగ్గిస్తానని ఆస్థాన వైద్యుడు భైరవభట్టు గిన్నెడు కషాయం తెచ్చాడు. "ఇది తాగిన నలభై మందీ సన్నబడ్డారు ప్రభూ. వాళ్లను మోసుకొచ్చిన బోయీనే అడగండి" అన్నాడు.

పల్లకీ మోసే గంగులును పిలిపించారు.

"బరువు తగ్గిన మాట నిజమే ప్రభూ. ముందు వైద్యులవారిని ఒక గుక్క తాగమనండి" అన్నాడు గంగులు.

రాజుగారు గిన్నె భట్టు వైపు జరిపారు. భట్టుకు ఒళ్లు మండింది.

"నేనెలా తాగుతాను? నాడి చూడాలి, గుండె బలం చూడాలి. అవేవీ చూడకుండా తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఇది మందు, మజ్జిగ కాదు."

అంతవరకు చేతులు కట్టుకుని నిలబడ్డ గంగులు చేతులు విప్పాడు.

"మరి ఆ నలభై మందిలో ఎవరి నాడి చూశారయ్యా? పల్లకీ భుజం మీంచి దించనైనా దించనివ్వలేదు. తెర పక్కకు లాగి, ఒకే కాగులోంచి ఒకే గరిటెతో అందరి నోట్లోనూ పోశారు. రంగమాంబగారు గుండె దడగా ఉందని చెబుతుంటే, 'నోరు తెరవమ్మా, వెనక ఇంకా పల్లకీలున్నాయి' అన్నారు."

"ఆవిడా తగ్గింది కదా" అని గొణిగాడు భట్టు.

"తగ్గారు. అదివరకు ఆవిణ్ణి ఎనిమిదిమందిమి మోసేవాళ్లం. పదో రోజున నలుగురం సరిపోయాం. పాడెకు నలుగురు చాలు."