మడుగులో కలిపిన మందు

గుర్రాలవాగు ఒడ్డున ఒక పల్లెలో సన్యాసయ్య అని చేపలు పట్టేవాడు ఉండేవాడు. మంచివాడే గాని, భయమేస్తే నోరు పెగలని మనిషి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండి, ఊరి వెనక ఒక్క మడుగు మిగిలింది. వల ఎన్నిసార్లు విసిరినా నాచు తప్ప ఏమీ పడలేదు. పిల్లలు గంజి కోసం ఏడుస్తుంటే ఏ తండ్రికి బుర్ర పనిచేస్తుంది చెప్పండి? ఒక తెల్లవారుజామున సన్యాసయ్య పత్తిచేలో కొట్టే పురుగుమందు డబ్బా పట్టుకుని బయలుదేరాడు.

"పశువులు తాగే నీళ్ళయ్యా అవి! మందు కలపకూడదని ఊరి కట్టుబాటు కదా!" అంది భార్య పైడితల్లి.

"పశువులు దిగే రేవు ఆ చివర. నేను ఈ చివర తుమ్మచెట్ల నీడలో పోస్తాను. మడుగు నీళ్ళు ఎక్కడికి పోతాయే?" అన్నాడు. ఆమె బుట్ట పట్టుకుని వెంట నడిచింది.

మందు పోసిన కాసేపటికే చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఇద్దరూ గబగబా బుట్ట నింపుకుని ఇంటికొచ్చారు. చేప ఏ నీడన దాక్కుంటుందో సన్యాసయ్యకు బాగా తెలుసు. ఎండెక్కితే గేదె కూడా ఆ నీడకే ఈదుకుంటూ పోతుందని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు!

సంతకు బయలుదేరేలోపే పక్కింట్లో గోల మొదలైంది. నరసమ్మ గేదె నురగలు కక్కుతూ వాకిట్లో పడిపోయింది. ఆ ముసలమ్మకు నా అనేవాళ్ళు లేరు. ఆ గేదె పాలే ఆమెకు తిండి.

"మడుగులోంచి వచ్చి ఇలా కూలబడిందిరా నాయనో! పామే కరిచింది!" అని ఆమె గుండెలు బాదుకుంది. ఎవరో పాముమంత్రం వేసేవాడి కోసం పరిగెత్తారు.

పక్క ఊళ్ళోనే పశువుల డాక్టరు ఉన్నాడు. మందు తాగిందని ఒక్క మాట చెబితే చాలు. సన్యాసయ్య నోరు తెరవబోయాడు. పైడితల్లి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నోరెత్తావంటే ఊళ్ళోంచి తరిమేస్తారు. పిల్లల్ని ఏం చేస్తావు?" అని గొణిగింది.

అతను నోరు మూసుకున్నాడు. మంత్రగాడు వేపమండ ఊపుతుండగానే గేదె ప్రాణం పోయింది. పాము భయంతో ఆ రోజు ఇంకెవరూ పశువుల్ని మడుగులోకి తోలలేదు కాబట్టి సరిపోయింది.

సాయంత్రం నరసమ్మ చెంబుతో వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే సన్యాసీ, పొద్దున పితికి కాచిన పాలురా. నాకు గొంతు దిగడం లేదు. నీ పిల్లలు పస్తులున్నారుగా, పట్టు," అంది.

పైడితల్లి చెంబు అందుకోలేక గోడకు ముఖం తిప్పుకుని ఏడ్చింది. సన్యాసయ్య ముసలమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

"పాము కాదత్తా, నేనే! చేపల కోసం మడుగులో మందు కలిపాను!" అని బావురుమన్నాడు.

నరసమ్మ చెంబు గుమ్మంలో దించింది. "ఆకలికి కలిపావు, సరేరా. అది గిలగిల కొట్టుకుంటుంటే పక్కనే నిలబడి చూశావే! నీకు నోరెలా రాలేదురా?" అంది.

మర్నాడు సన్యాసయ్యే వెళ్ళి తప్పు ఒప్పుకోగా, ఊరి పెద్దలు ఆ చేపల్ని గోతిలో పూడ్పించి, మడుగులోకి పశువుల్ని తోలొద్దని చాటించారు. నరసమ్మ బతికినన్నాళ్ళూ ఆమె కడుపు నింపాలని సన్యాసయ్యకు తీర్పు చెప్పారు. అతను సంతోషంగా తలూపాడు. కానీ డాక్టరు వచ్చి, "వెంటనే చెప్పుంటే సూదిమందుతో బతికేదయ్యా," అన్న మాట మాత్రం అతన్ని జీవితాంతం నిద్రపోనివ్వలేదు.

ఆకలి మనిషి చేత తప్పు చేయించవచ్చు. దాన్ని దిద్దుకునే వేళ ఉండగా నోరు మూసుకుంటే, ఆ రెండో తప్పుకు ఏ ఆకలీ సాకు కాదు.