మంత్రిగారి దోసెడు నీళ్లు

చింతలదుర్గం కోట మురుగంతా ఏట్లో కలవడంతో దిగువ పేటలో పిల్లలు జబ్బుపడుతున్నారు. మురుగును తేర్చే గుంటలు తవ్వించమని పేటవాళ్లు రాజుకు మొరపెట్టుకున్నారు.

"పారే ఏటిని మురుగేం చేస్తుంది? ఎగువ నీళ్లకీ దిగువ నీళ్లకీ తేడాయే లేదు. దండగ ఖర్చు!" అని మంత్రి కొట్టిపారేశాడు.

రాజు స్నానపు నీళ్లను ముందుగా మంత్రి పుక్కిలించి చూడాలన్నది ఆ కోట ఆచారం. మర్నాడు నీళ్లు మోసే పైడయ్య కావడి దించగానే మంత్రి దోసిలి పట్టాడు. గుప్పున కంపు కొట్టింది.

"ఎక్కడివిరా ఇవి?"

"దిగువవేనండి. తేడా లేదని తమరే సెలవిచ్చారుగా! ఇంక ఎగువ దాకా పోవడం ఎందుకని..."

రాజు నవ్వాపుకుంటూ, "కానివ్వండి, పుక్కిలించండి" అన్నాడు.

"గుంటలు ఇవాళే తవ్విద్దాం ప్రభూ!" అంటూ మంత్రి దోసెడూ నేలపాలు చేశాడు.

"అయ్యయ్యో, పారబోశారేంటండీ?" అన్నాడు పైడయ్య. "మా పేటలో అవి తాగే నీళ్లు!"